సుంకులాపురం దానం చేసిన బోరు

"మన దేశం ప్రపంచశక్తి అయిపోయింది" అని మంత్రి హర్షవర్ధన్ గారు పత్తికొండ టమోటా మార్కెట్ యార్డులో ప్రకటించారు. అవుతుందని కాదు, అయ్యే సూచనలున్నాయని కాదు. అయిపోయింది. వారు అంత కచ్చితంగా చెప్పేసరికి, గంప టమోటాలు అడ్డికి పావుశేరుగా అడుగుతున్న దళారి కూడా బేరం ఆపి చప్పట్లు కొట్టాడు. నేను పేపరు కంట్రిబ్యూటర్ని కాబట్టి చప్పట్లు కొట్టి రాసుకున్నాను కూడా.

మంత్రిగారిది గ్రామీణ ప్రపంచ వ్యవహారాల శాఖ. పల్లెల్ని ప్రపంచానికి చూపించడం, ప్రపంచాన్ని పల్లెలకు చూపించడం దాని పని. వారి వాదన తేలికే. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకునే చెయ్యి కింద ఉంటుంది. ఇన్నాళ్లూ మన పల్లెలు అడుక్కుంటూ వచ్చాయి, ఇక ఇవ్వడం నేర్చుకోవాలి. మొదటి అవకాశం కోడుమూరు దారిలోని సుంకులాపురానికి దక్కింది. ఆ ఊరి ప్రజలు సముద్రం అవతల ఉన్న లుమాండా అనే చిన్న దేశానికి ఒక బోరు దానం చేస్తారు.

ఏ బోరు అని ఎంపీడీవో అరుణ్ కుమార్ గారిని అడిగాను. సుంకులాపురం చర్చి వీధికి మంజూరైన బోరేనని ఆయన సంతోషంగా చెప్పారు. బోరును ఓడలో పంపలేరు గనుక, దాన్ని వేసే బండినీ పైపులనూ చేతిపంపునూ పంపుతారట.

ఆ వీధిలో తాగడానికి నీళ్లు లేవు. విశ్వాసమ్మ అనే ముసలామె ఏళ్ల తరబడి తిరిగి తెచ్చుకున్న బోరు అది. ఆదివారం చర్చిలో ప్రార్థన, సోమవారం ఆఫీసులో అర్జీ. మంజూరైన రోజున దేవుడూ కలెక్టరూ కూడబలుక్కున్నారని ఊరు ఊరంతా చెప్పుకుంది. అందుకే దాతల ప్రతినిధిగా ఆమెనే ఎంచుకున్నారు. పైగా ఊళ్లో మనుషులు తక్కువ. సగం ఇళ్లవాళ్లు సుగ్గి అని గుంటూరు వైపు మిరపకాయల కోతకు వలస పోయారు. విశ్వాసమ్మ కొడుకూ కోడలూ అక్కడే ఉన్నారు.

"మాకే తాగేకి నీళ్లు లేవు గదా సారూ" అంది విశ్వాసమ్మ.

"ఉన్నవాళ్లు ఎవరైనా ఇస్తారమ్మా. లేనప్పుడు ఇస్తేనే దానం" అన్నారు అరుణ్ కుమార్ గారు.

ఈ మాట నాకు ఎంతో నచ్చి, వార్తకు హెడ్డింగుగా పెట్టాను.

ఇంతలో ఒక సాంకేతిక చిక్కు వచ్చిపడింది. నిబంధనల ప్రకారం బోరు మంజూరైన పాయింటులోనే వేయాలి. ఆ పాయింటు చర్చి గోడ పక్కన, గోపన్న సున్నంతో గుర్తు పెట్టిన చోట ఉంది. గోపన్న మా ప్రాంతంలో నీళ్ల జాడ చెప్పే మనిషి. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లుంటే టెంకాయ లేచి నిలబడుతుంది. అది లేచి నిలబడనిదే మా వైపు ఎవరూ బోరు బండిని పిలవరు, జియాలజీ చదువుకున్నవాళ్లు కూడా. పాయింటును లుమాండాకు మార్చాలంటే గోపన్న లుమాండాకు పోవాలి. అతనికి పాస్‌పోర్టు లేదు. అరుణ్ కుమార్ గారు కాసేపు ఆలోచించి, హైస్కూలు నుంచి పెద్ద ప్రపంచపటం తెప్పించారు.

పటాన్ని ఆఫీసు నేల మీద పరిచారు. గోపన్న చెప్పులు విడిచి, టెంకాయకు దండం పెట్టుకుని సముద్రాలు దాటాడు. లుమాండా మీద చాలాసేపు నిలబడ్డాడు. టెంకాయ పడుకునే ఉంది. పాపం, అతను విసుగుపడి వెనక్కి వస్తుండగా మన దేశం దగ్గర అది నిటారుగా లేచింది.

"ఈడనే ఉండాది సారూ, శానా నీళ్లు" అన్నాడు గోపన్న.

అరుణ్ కుమార్ గారు పటాన్ని తిప్పి వేయించారు. టెంకాయ మళ్లీ మన దేశం మీదే లేచింది. ఫోన్లో విన్న మంత్రిగారు మురిసిపోయారు. ప్రపంచశక్తి ఎవరో టెంకాయకు కూడా తెలిసిపోయిందన్నారు. పాయింటు లేకుండానే బోరు పంపడానికి ప్రత్యేక అనుమతి ఇచ్చారు.

దానం రోజు చర్చి ముందు షామియానా వేశారు. జనం చాలక పత్తికొండ మార్కెట్ హమాలీలను ట్రాక్టర్లలో తెచ్చారు. బోరు బండికి పూలదండలు వేశారు. ఢిల్లీ నుంచి లుమాండా రాయబారిగారు వచ్చారు. విశ్వాసమ్మ ఈడు ఆడమనిషి. మంత్రిగారు మన దేశం ఎంత ఎత్తుకు ఎదిగిందో మిట్టమధ్యాహ్నం ఎండలో వివరిస్తుండగా, రాయబారిగారు మంచినీళ్లు అడిగారు. నీళ్ల బాటిళ్లు వేదిక మీది నాయకులకే చాలలేదు. విశ్వాసమ్మ ఇంట్లోకి పోయి చెంబుతో తెచ్చి ఇచ్చింది. రాయబారిగారు ఒక గుటక వేసి ఆగి, ఈ నీళ్లు ఎక్కడివని దుబాసీ చేత అడిగించారు.

"తిమ్మయ్య చేని మోటారుకాడ పట్టుకొస్తాండామమ్మా, కరెంటు ఉండేటప్పుడు. చూస్తావా, రా" అంది విశ్వాసమ్మ.

ఇద్దరూ లేచి వెళ్లిపోయారు. తిమ్మయ్య చేను దగ్గర్లో లేదు. వాళ్లు తిరిగి వచ్చేసరికి రాయబారిగారి చంకన నిండు బిందె ఉంది, మంత్రిగారి ప్రసంగం ఇంకా నడుస్తోంది. మంత్రిగారు ఏమాత్రం తొణక్కుండా దానికి దౌత్య పాదయాత్ర అని అక్కడికక్కడే పేరు పెట్టారు. అందరం చప్పట్లు కొట్టాం.

పచ్చజెండాను విశ్వాసమ్మ చేతికిచ్చారు. ఆమె ఊపింది. బోరు బండి గోడ పక్కన సున్నం గుర్తును తొక్కుకుంటూ రోడ్డెక్కింది.

"మల్ల ఎప్పుడొస్తాది సారూ?" అని అడిగింది.

"రాదమ్మా, దానం చేశాం కదా" అన్నారు అరుణ్ కుమార్ గారు.

బండి కనుమరుగయ్యాక కూడా ఆమె జెండా ఊపుతూనే ఉంది. ఆపమని ఎవరూ చెప్పలేదు. నాకు ఆ ఫొటో తీయడానికి మనసొప్పలేదు. తీశాను, మొదటి పేజీలో వచ్చింది.

సుగ్గికి పోయినవాళ్లు తిరిగొచ్చే వేళకు బోరు బండి కూడా తిరిగొచ్చింది. అదే బండి. కొత్త రంగు వేశారు, కొత్త పైపులు పెట్టారు, పక్కన తెలుగులో "లుమాండా ప్రజల కానుక" అని రాయించారు. డీజిలుతో సహా ఖర్చంతా వాళ్లదేనట. బండి నేరుగా వచ్చి సున్నం గుర్తు మీద ఆగింది. పొద్దంతా దుమ్ము లేచింది. పొద్దు వాలే వేళకు నీళ్లు ఎగజిమ్మి చర్చి గోడంతా తడిసిపోయింది. విశ్వాసమ్మ స్తోత్రం చెప్పుకుంది. గోపన్న టెంకాయ కొట్టి ముక్క ఆమెకే ఇచ్చాడు. నాకు కూడా సంతోషమేసింది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

చేతిపంపు ప్రారంభానికి మంత్రిగారు స్వయంగా వచ్చారు.

"ప్రపంచశక్తి అయ్యామంటే కొందరు నవ్వారు. ఇప్పుడేమంటారు? చిన్న దేశాలు మనకు కప్పం కట్టడం మొదలుపెట్టాయి" అన్నారు.

చప్పట్లు మోగాయి. నేను యథాప్రకారం కొట్టి, రాసుకున్నాను.

విశ్వాసమ్మ మొదటి బిందె పట్టుకుంటోంది. మంత్రిగారు ఆ నీళ్ల ధారను ముచ్చటగా చూశారు. తర్వాత అరుణ్ కుమార్ గారి వైపు వంగి, నీళ్లు లేని దేశం ఇంకేదైనా ఉందేమో కనుక్కోమన్నారు. అరుణ్ కుమార్ గారు ప్రపంచపటం కోసం హైస్కూలుకు మనిషిని పంపారు.

బిందె నిండింది. విశ్వాసమ్మ దాన్ని ఎత్తుకోలేదు. కాలితో పక్కకు జరిపి, పంపు పిడిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"మీరు పట్టుకోని పోండి, నేను ఈడనే ఉంటా" అంది వెనకున్నవాళ్లతో.