ఒక్కరోజు షామియానా

ఆ పొద్దున ఛాయ్ తాగుతూ టెంట్‌హౌస్ ఫరూఖ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కోరుట్ల శివారులోని యూనివర్సిటీ క్యాంపస్‌కు పోవాలి, తన షామియానా విప్పుకోవాలి, ట్రాలీ ఆటోలో వేసుకుని మెట్‌పల్లి చేరాలి. మర్నాడు అక్కడ మేనకోడలు అస్మా పెళ్లి. సిరిసిల్ల నుంచి వచ్చే మగపెళ్లివారందరికీ సరిపోయే షామియానా అతని దగ్గర అదొక్కటే.

చిక్కల్లా అడగడంలోనే ఉంది. తెలంగాణ కోసం విద్యార్థులు రిలే దీక్షకు కూర్చుంటామంటే, "ఒక్కరోజుకే" అంటూ తనే ఉత్సాహంగా కట్టి ఇచ్చాడు. చలికాలంలో కట్టింది ఎండలు ముదిరినా దిగలేదు. ఇప్పుడు పోయి విప్పండంటే ఉద్యమానికి అడ్డుపడినట్టు కాదూ? అందుకని క్యాంపస్ చేరగానే ఎవరికీ చెప్పకుండా టెంటు వెనక్కి పోయి ఒక తాడు వదులు చేశాడు. గుంజ పక్కకు ఒరిగింది.

"పోలీసోళ్లు టెంటు పీకుతున్నరు!" విద్యార్థి నాయకుడు సురేందర్ మైకులో అరిచాడు.

క్యాంపస్ అంతా ఉరికొచ్చింది. బంద్‌ల వల్ల పని ఆగిపోయి, కొత్త బిల్డింగు పునాదుల దగ్గర బీడీలు కాలుస్తున్న మేస్త్రీలూ వచ్చారు. వాళ్ల దగ్గర సిమెంటు ఉంది, కంకర ఉంది, చేతుల్లో దురదా ఉంది. చూస్తుండగానే గుంజలన్నిటికీ కాంక్రీటు పోశారు. "ఇగ ఎవడు పీకుతడో చూస్త!" అన్నాడు సురేందర్. అందరితోపాటు ఫరూఖ్ కూడా చప్పట్లు కొట్టాల్సి వచ్చింది.

ఫోన్ మోగింది. చెల్లెలు కహకషాన్. "భయ్యా, టెంటేది? నా బిడ్డ పెళ్లి ఎండల చేస్తవా?"

"అస్తున్న, అస్తున్న!"

గుంజలు పోతే పోయాయి, బట్టయినా దక్కాలి. "సురేందర్, గీ బట్ట చినిగింది. కుట్టిచ్చి తెస్త," అన్నాడు. అది పచ్చి అబద్ధం. సురేందర్ మాత్రం కరిగిపోయాడు.

"ఎంత మంచోనివి చాచా! నీకెందుకు తిప్పలు?" అంటూ మేస్త్రీల వైపు తిరిగాడు. "అన్నా, గా రేకులు ఎక్కియ్యుండ్రి! వేడి దిగకుంట బట్ట కిందనే ఉండనియ్యుండ్రి!"

కొత్త బిల్డింగు కోసం తెచ్చిన రేకులు మధ్యాహ్నానికల్లా టెంటు మీదికెక్కాయి. షామియానా కాస్తా సీలింగయింది.

ఫోన్ మళ్లీ మోగింది. ఏడుపు ముంచుకొచ్చి ఫరూఖ్ మైకు లాక్కున్నాడు. "రేపు నా మేనకోడలు పెళ్లిరా! నా టెంటు నాకియ్యుండ్రి!"

ఇక తనను ద్రోహి అంటారని కళ్లు మూసుకున్నాడు. సురేందర్ వచ్చి గట్టిగా కౌగిలించుకున్నాడు.

"పొద్దుగాల్నే చెప్పద్దా చాచా? టెంటయితే రాదు. పెళ్లే ఈడికి తోలుకరా!"

మర్నాడు దారి పొడుగునా రాస్తారోకోలే. పెళ్లి దీక్షా శిబిరంలో అనగానే జనం "జై తెలంగాణ" అంటూ సిరిసిల్ల బస్సును సాగనంపారు. దీక్షలో బిర్యానీ ఎట్లా అని ఎవరో గొణిగితే, సురేందర్ ఆ రోజు కార్యక్రమాన్ని వంటావార్పుగా మార్చేశాడు. రోడ్డు మీదే పొయ్యిలు వెలిగాయి. రేకుల కింద ఖాజీ నిఖా చదివాడు. ఇంతమంది బంధువులున్నారా అని మగపెళ్లివారు నోరెళ్లబెడితే కహకషాన్ మురిసిపోయింది. ఫరూఖ్ ఆనందం పట్టలేక నినాదాలిచ్చి గొంతు పోగొట్టుకున్నాడు.

రాష్ట్రం వచ్చింది. ఫరూఖ్ మళ్లీ ట్రాలీ తీసుకుని పోయాడు. రేకుల చుట్టూ గోడలు లేచాయి. లోపల పరీక్ష జరుగుతోంది, నెత్తిమీద తన షామియానా. కొత్త బిల్డింగు పునాదుల్లో మాత్రం తుమ్మ చెట్లు ఏపుగా పెరిగాయి.

"ఇప్పుడెట్ల విప్పుతం చాచా? మాకున్న బిల్డింగు గిదొక్కటే," అన్నాడు సురేందర్. అతనిప్పుడు అక్కడే తాత్కాలిక లెక్చరర్.

గోడ మీద 'తాత్కాలిక భవనం' అన్న అక్షరాలకు ఏటా కొత్త రంగు వేస్తారు.