ఏక్‌బాల్‌పూర్‌కు చేరని మాట

...అంటే తప్పు ఏక్‌బాల్‌పూర్‌ గిడ్డంగిలోనే ఉంది, తనలో లేదు, అనుకున్నాడు ఆఫీసులో నెట్‌వర్క్ చూసే పోలిరాజు. పదకొండింటికి మేనేజరు మృత్యుంజయ బాబు రేపటి బంద్ గురించి మూడు గిడ్డంగుల తెరల మీద ఒకేసారి మాట్లాడాలి. ఒకచోట పంపితే కోరిన తెరలన్నిటికీ చేరే మల్టీకాస్ట్ ఏర్పాటు అది. పోలిరాజు తన బల్ల దగ్గర నుంచి చూడగలిగింది ఏక్‌బాల్‌పూర్ తెర ఒక్కటే. అది నల్లగా ఉంది. అక్కడ బాగయ్యేదాకా మాట ఎక్కడికీ పోదనుకున్నాడు.

ఆ తెర ముందు మూటలు మోసే కూర్మయ్య తన తండ్రి అని, గిడ్డంగుల్లో పనిచేసే ఊరివాళ్లకు తప్ప, ఆఫీసులో ఎవరికీ తెలియదు. పైగా సెలవు కోసం పోలిరాజు ఆయన్ను రెండుసార్లు కాగితం మీద చంపాడు, మేనేజరు మారినప్పుడల్లా ఒకసారి. ఈ సంగతి తండ్రికి తెలిస్తే ఏమవుతుందో ఊహించే ధైర్యం కూడా అతనికి లేదు.

పరీక్ష కోసం కెమెరా తనవైపు తిప్పుకున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలి. వినేవాడు లేడు. నిజం చెప్పడానికి మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

"నాన్నా, నువ్వు సచ్చిపోనావని రెండుసార్లు రాసిచ్చినాను. మూటలు మోసేవోడి కొడుకునని సెప్పుకోడానికి సిగ్గేసింది. తప్పయిపోనాది." ఆ పైన ఏడ్చాడు కూడా.

ఫోను మోగింది. టికియాపారా గిడ్డంగి నుంచి బైరాగి.

"దాదా, ఏడవకు. తెర మీద సూసినాం. మాటలు తెగి తెగి వొచ్చినాయి గానీ, మీ నాన్న సచ్చిపోనాడని అర్తమయింది. షట్టరు దించేసినాం. దండ కొనుక్కుని ఏక్‌బాల్‌పూర్ బయల్దేరినాం."

పోలిరాజు కుర్చీలోంచి లేచాడు. "ఆగు బైరాగీ! బతికే ఉన్నాడు!"

"మొదట్లో అలాగే ఉంటాది దాదా. నమ్మబుద్ది కాదు."

ఆ ఫోను పెట్టగానే మరొకటి. సంత్రాగాఛి గిడ్డంగి ఊడ్చే సన్యాసమ్మ. "నాకు పతీ మాటా వినబడింది. నీ బతుకు సెడ! మీ నాన్నకి పోను సేసి సెప్పేసినాను."

అంతలో మృత్యుంజయ బాబు పరుగున వచ్చాడు. "బంద్ రేపు కదా! టికియాపారాలో ఇవాళే ఎందుకు మూశారు?" అన్నాడు బెంగాలీలో.

పోలిరాజు కంప్యూటరు వైపు తిరిగాడు. మాటలు వెళ్లే దారుల పట్టికలు వెతికాడు. ఏక్‌బాల్‌పూర్‌కు రెండు దారులున్నాయి. తన మాట కొత్త దారిన చేరింది. పంపినవాడి దగ్గరకు తిరిగి వెళ్లడానికి అక్కడి రౌటర్, అంటే దారులు నిర్ణయించే పెట్టె, ఎంచుకున్నది పాత దారి. తను వెళ్లే దారిన కాక వేరే దారిన వచ్చిన మాటను రౌటర్ నమ్మదు, పారేస్తుంది. ఒక్క పంక్తి మార్చాడు. తెర వెలిగింది. అందులో తన ముఖమే కనిపించింది, ముక్కు ఎర్రబడి.

గంట తర్వాత మళ్లీ ఫోను. కూర్మయ్య.

"ఏటిరా, నా మెడలో ఈ దండేటి? సచ్చిపోనానని ఒకలు ఏడుస్తన్నారు. నువ్వే సంపినావని ఇంకొకలు సెప్తన్నారు. నీ కాడ నుంచి మాత్రం ఏటీ రానేదు. నువ్వొచ్చి సెప్పినదాకా నానేటీ నమ్మను."

పోలిరాజు తెర మీది ఆ రౌటర్ పట్టిక వైపు ఒకసారి చూశాడు. తర్వాత సెలవు చీటీ తీసి, కారణం దగ్గర "తండ్రి బతికే ఉన్నాడు" అని రాసిచ్చాడు.

మృత్యుంజయ బాబు రెండుసార్లు చదివాడు. "దీనికి సెలవు లేదు. పోయి ఉంటే ఎనిమిది రోజులు ఇచ్చేవాణ్ణి."

పోలిరాజు చీటీ అక్కడే వదిలేసి, ఏక్‌బాల్‌పూర్ బస్సెక్కాడు.