ఏటవాలు తొట్టి

శరత్‌చంద్ర ఆ పొద్దున కాఫీ తాగుతూ ఒకటే ఆలోచిస్తున్నాడు. పెద్దాఫీసరును మెప్పించి గుంటూరుకు బదిలీ సంపాదించాలి. రైల్వేలో చిన్న ఇంజనీరు, పాపం. భార్య మహతి ఉద్యోగం గుంటూరులో. తనేమో వినుకొండ అవతల స్టేషనులో, మకాం అత్తగారింట్లో. పెళ్లయిన దగ్గర్నుంచీ కాపురం ఫోనులోనే నడుస్తోంది.

“అల్లుడుగారూ, మీ పాత ఇంజను వెనక తొట్టి ఖాళీయేగా?” అంది అత్తగారు వెంకాయమ్మ.

“ఖాళీయేనండీ,” అన్నాడు పరధ్యానంగా.

స్టేషను ముందు నిలబెట్టిన ఆవిరి ఇంజనుకు ఆరోజే ప్రారంభోత్సవం. దాని వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరుకు దగ్గరుండి రంగు వేయించింది అతనే. అయితే బొగ్గు తొట్టి అడుగు ముందుకు వాలుగా ఎందుకుందో, ముందు గోడ కింద ఆ చిన్న తలుపెందుకో అతనికి తెలియదు. ఎవరడుగుతార్లే అనుకున్నాడు. గొట్టంలోంచి పొగ వస్తే అందంగా ఉంటుందని ఇంజను పొయ్యిలో తడిగడ్డి రాజేయించాడు.

ఆఫీసరు వస్తూనే డ్రైవరు నిలబడే చోటికెక్కి సరిగ్గా అదే అడిగాడు.

“ఈ తొట్టి అడుగు ఏటవాలుగా ఉందేమిటయ్యా?”

శరత్‌చంద్ర నోటికొచ్చింది చెప్పాడు. “వాననీళ్లు పోవడానికి సార్.”

“మరి ఈ తలుపు?”

“ఆ నీళ్లు... బయటికి రావడానికి సార్.”

“డ్రైవరు కాళ్లమీదికా?” అంటూ ఆఫీసరు తలుపు పైకి లాగాడు.

ఎర్రటి ఎండుమిరపకాయలు జలజలా జారి ఆయన మోకాళ్లదాకా వచ్చాయి. ముగ్గురు కూతుళ్లకూ ఏడాది కారానికని వెంకాయమ్మ తొడిమలు తీయించి, కాఫీ కాగానే తెచ్చి పోయించిన కాయలవి. చుట్టూ గోడ, పైన ఎండ, మేకల బెడద లేదు. ఆవిడకు ఇంతకన్నా మంచి కల్లం ఎక్కడ దొరుకుతుంది? పైగా అల్లుడే ఖాళీ అన్నాడాయె. కాయల్లో కొన్ని దొర్లి, ఎదురుగా తెరిచున్న ఇంజను పొయ్యిలో పడ్డాయి.

ఇక చూడాలి! గొట్టంలోంచి పోవాల్సిన పొగ ఘాటుతో సహా ఇటే తన్నింది. ఆఫీసరు దగ్గాడు, బంట్రోతులు దగ్గారు, సన్నాయి ఊదేవాడు సన్నాయిలోనే తుమ్మాడు. బదిలీ సంగతి దేవుడెరుగు, ఉద్యోగమే ఊడిందని శరత్‌చంద్ర నిజంగానే ఏడ్చాడు. అందరి కళ్లూ కారుతుండటంతో ఎవరూ పట్టించుకోలేదు.

కాసేపటికి ఆఫీసరు కళ్లు తుడుచుకున్నాడు. కాళ్ల దగ్గరి కాయలు పక్కకు నెట్టాడు. పైనుంచి మరికొన్ని వాటంతటవే జారాయి. మళ్లీ నెట్టాడు, మళ్లీ జారాయి.

“ఓహో! బొగ్గు దానంతటదే పార దగ్గరికి రావడానికా ఈ వాలు! బొగ్గు దొరక్క మిరపకాయలతో చూపించావన్నమాట. పైగా పిచ్చి జవాబులు చెప్పి, తలుపు నాచేతే తీయించావు! శభాష్!”

“సార్, నా బదిలీ...”

“నీలాంటివాణ్ణి వదులుకుంటామా? ఇంకో మూడేళ్లు ఇక్కడే ఉండు. వచ్చినవాళ్లందరికీ ఇలాగే చూపించు.”

శరత్‌చంద్రకు ఈసారి ఏడుపు కూడా రాలేదు. వెంకాయమ్మ మాత్రం చేట పుచ్చుకుని జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది.

“మూడేళ్లే! అయితే పైయేడు పసుపుకొమ్ములు కూడా ఇందులోనే ఆరబోద్దామండీ అల్లుడుగారూ.”