సెటిల్‌మెంట్‌కు పిలుపు

ఆ సోమవారం జనార్దన్ వేసుకున్న పథకం చిన్నదే. గడ్డం గీయించుకోవాలి, ఇంటికి పోయి భార్య పూజ వండిన బొరుగుల ఉగ్గాని తినాలి, తొమ్మిదిన్నరకల్లా ప్రొద్దుటూరు బజారులోని తన బట్టలంగడి తెరవాలి. మంగలి సగం గడ్డం గీసేసరికి ఫోన్ మోగింది.

"జనార్దనప్పేనా? పులివెందుల నుంచి నాసిర్‌ను మాట్లాడతాండా. రేపు పదకొండుకు నీ సెటిల్‌మెంట్ పెట్టుకున్నాం. వచ్చెయ్."

బుగ్గ మీద కత్తి ఉంది కాబట్టి జనార్దన్ కదలలేదు.

"నా సెటిల్‌మెంటా? ఎవురు పెట్టినారు?"

"పెద్దోళ్లు. రేపటితో నీ పని అయిపోవాలంటాండారు. ఆధార్ కార్డు, రెండు ఫోటోలు తెచ్చుకో."

"ఫోటోలెందుకప్పా?"

"మనిషి నువ్వేనని తెలియొద్దా?" అని అతను ఫోన్ పెట్టేశాడు.

ఆ ప్రాంతంలో సెటిల్‌మెంట్ అనే మాటకు ఎవరూ నిఘంటువు తెరవరు. ఒక పెద్దమనిషి కుర్చీలో కూర్చుంటాడు, పిలిపించుకున్నవాడు ఎదురుగా నిలబడతాడు. తిరిగొచ్చేటప్పుడు కొందరి నడక మారి ఉంటుందని చెప్పుకుంటారు. పైగా జనార్దన్ మనసులో ఒక ముల్లు ఉంది. శనివారం తన అంగడికి అడ్డంగా నిలిపిన జీపు టైర్లలో గాలి తీసేశాడు. తీశాకే దాని వెనక అద్దం మీద 'పులివెందుల' అన్న అక్షరాలు చూశాడు.

సగం గడ్డంతోనే ఇంటికి పరుగెత్తాడు. సంగతి విన్న పూజ గోడ అవతల నుంచి ఫిలిప్ సారును పిలిచింది. ఆయన మిషన్ బడిలో ఇంగ్లీషు చెబుతాడు.

"సెటిల్‌మెంట్‌కు శానా అర్థాలుండాయి," అన్నాడు ఫిలిప్ తీరిగ్గా. "జనం పోయి ఒక తావున కాపురాలు పెడితే సెటిల్‌మెంటే. గోడ కుంగినా సెటిల్‌మెంటే. తగాదా తెంచినా అదే."

"మనిషిని తెంచితే?"

"దానికి వేరే మాటుంది. ఆయప్ప అన్న వాక్యం మొత్తం చెప్పు. వాక్యం లేకుండా అర్థం చెప్పకూడదు."

"రేపటితో నీ పని అయిపోవాల అన్నాడు సార్."

ఫిలిప్ గోడ మీది నుంచి చేతులు తీసేశాడు. "అట్లయితే ఊరిడిసి పో," అన్నాడు.

"ఎవురు ఫోన్ చేసినా నేను లేనని చెప్పు," అని పూజకు అప్పగింతలు పెట్టి, జనార్దన్ జమ్మలమడుగులో ఉన్న బావమరిది సునీల్ ఇంటికి చేరాడు. ఫోన్ ఆపేశాడు. వీధిలో జీపు చప్పుడైనప్పుడల్లా శనక్కాయల మూటల వెనక బోర్లా పడుకున్నాడు. మంగళవారం పొద్దునకి ఆ భయం సునీల్‌కూ అంటుకుంది.

"ఇంట్లో పిల్లోళ్లుండారు బావా," అంటూ తలమీద తువ్వాలు కప్పి ప్రొద్దుటూరు బస్సెక్కించాడు.

పదకొండు దాటాక పూజకు ఫోన్ వచ్చింది.

"నాసిర్‌ను. జనార్దనప్ప యాడ? ఈడ అందరూ కాచుకోనుండారు."

పూజకు ఏడుపు ఆగలేదు. "ఆయన లేడప్పా."

"లేడా! ఎప్పుడు?"

"నిన్న పొద్దున్నే."

"అయ్యో! ఏమైంది?"

"మీకు తెలీదా ఏంది? మీ ఫోన్ వచ్చినాకే," అని పెట్టేసింది.

సందుల్లో దాక్కుంటూ సాయంత్రానికి జనార్దన్ పెరటి తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి ముందు గదిలో ఏడుపులు వినిపించాయి. తలుపు సందులోంచి చూశాడు. కుర్చీలో తన పెళ్లినాటి ఫోటో ఉంది, దానికి దండ వేసి ఉంది. తన సెటిల్‌మెంట్ తాను లేకుండానే జరిగిపోయిందనుకున్నాడు.

గదిలో, పులివెందుల నుంచి దండ పట్టుకొచ్చిన మేనత్త కృష్ణవేణమ్మ గుండెలు బాదుకుంటోంది. తన ఫోనుతోనే మనిషి పోయాడన్న భయంతో నాసిర్ మూలన ముడుచుకుని ఉన్నాడు. అతని గొంతు గుర్తుపట్టిన పూజ, మొగుడు చనిపోయాడనుకుంటేనే వీళ్లు వదిలేస్తారని మరింత గట్టిగా ఏడుస్తోంది.

"మూడేండ్లు పలకలేదని వాని మీద కోపమే," అంటోంది మేనత్త. "అయినా అన్న కొడుకు గదా! పులివెందుల బజార్లో నా అంగడి వానికి రాసిద్దామనుకుంటి. దస్తావేజులు రాసే ఈ నాసిర్‌తో ఫోన్ చేయిస్తి. అయినోళ్లకు ఊరికే రాసిచ్చే కాగితాన్ని సెటిల్‌మెంటే అంటారంట. ఇంక నీకే రాసిస్తా పూజా. ఒంటిదానివైపోతివి."

"అత్తా!" అంటూ జనార్దన్ బయటికి వచ్చాడు.

నాసిర్ గోడకు అతుక్కుపోయాడు. కృష్ణవేణమ్మ మేనల్లుడి గీసిన బుగ్గను, గీయని బుగ్గను తడిమి చూసింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత గీసిన బుగ్గ మీద ఒకటిచ్చింది.

"బతికుండి యాడికి పోతివిరా?"

జనార్దన్ జరిగిందంతా చెప్పాడు. ఆమె ఓపిగ్గా విని నాసిర్ వైపు తిరిగింది.

"ఊరికే ఇస్తామంటే మూటల సాటున దూరినోడు బేరమేం చేస్తాడు? కాగితంలో పూజ పేరే రాయప్పా."

గురువారం రిజిస్ట్రేషన్ అయిపోయింది. కొత్త అంగడి బోర్డు మీద ఎవరి పేరు రాయించాలో జనార్దన్‌ను ఎవరూ అడగలేదు.