బస్సన్న యాప్ తొలి లబ్ధిదారుడు

ఇకమీదట బహ్రెయిన్‌లో ఏ తెలుగువాడూ బస్సు కోసం ఎదురుచూడబోడని శ్రామిక సమైక్య సంఘం అధ్యక్షులు పరశురాం గారు ప్రకటించారు. అవసరమైతే బస్సే తెలుగువాడి కోసం ఎదురుచూస్తుందని కూడా అన్నారు. ఈ మాటలు ఆయన ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక హోటల్ మేడమీద, కారు తాళంచెవి వేలికి తిప్పుకుంటూ అన్నారు. ఆయన బస్సెక్కి పదకొండేళ్ళయింది. కాస్త దూరంగా నిలబడి చూస్తేనే ఏ సమస్యయినా నిండుగా కనబడుతుందని ఆయన నమ్మకం.

ఈ చారిత్రక ప్రకటనకు కారకుడు వెంకటి అనే మనిషి. అయితే అతను అడిగింది ఇది కాదు.

వెంకటి నువైద్రాత్ లేబర్ క్యాంపులో ఉంటాడు. మనామా బంగారం బజారు పక్కన ఒక బిల్డింగులో సాయంత్రం డ్యూటీ, క్లీనింగ్ పని. మూడు ఎండాకాలాలు ఎడారి సైటులో ఇనుప చువ్వలు మోసి, వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి ఈ డ్యూటీ సంపాదించుకున్నాడు. అక్కడ ఏసీ ఉంది. లిఫ్టు దగ్గర తుడిచేటప్పుడు పైనుంచి వీపు మీదికి వచ్చే ఆ చల్లగాలి అంటే అతనికి ప్రాణం. ఈమధ్య బస్సుల టైములు మారాయి. స్టాపులో కాగితమైతే అంటించారు కానీ అది ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ ఉంది. వెంకటి రెండుసార్లు లేటయ్యాడు. సూపర్‌వైజర్ కుతుబుద్దీన్ నిజామాబాద్ మనిషి, మంచివాడే, కానీ సూపర్‌వైజర్.

"దేఖో వెంకటి, ఇంకొక్కపారి లేటైతే ఖలాస్. మల్ల ఎడారి సైటుకే పోతవ్. నా చేతిల ఏం లేదు భాయ్" అనేశాడు.

అందుకని వెంకటి సంఘానికి వచ్చాడు. "అన్నా, బస్టాపుల కాయితం అంటిచ్చిన్రు. ఎవలన్న జెర చదివి చెప్తె సాలు" అన్నాడు.

పరశురాం గారు జాలిగా నవ్వారు. "కాయితాల కాలం పోయింది తమ్మీ. నీ అసొంటోళ్ళ కోసం యాప్ చేపిస్తున్న."

"యాప్ గాదన్నా, అండ్ల ఏం రాసిన్రో..."

"చూసిన్రా, ఎట్ల మురిసిపోతున్నడో!" అని ఆయన పక్కవాళ్ళతో అన్నారు. వెంకటి కళ్ళు తుడుచుకున్నట్టు మరునాటి పత్రికా ప్రకటనలో వచ్చింది. అప్పుడు అతను తుడుచుకున్నది మెడ మీది చెమట.

యాప్ తయారయ్యేలోగా వెంకటి, అతని దోస్తు భూమేష్ తమ పాటికి తాము ఒక ఏర్పాటు చేసుకున్నారు. భూమేష్ రెండు స్టాపుల ముందున్న క్యాంపులో ఉంటాడు, అదే బస్సు ఎక్కుతాడు. ఎక్కగానే ఒక మిస్డ్ కాల్ ఇస్తాడు. ఊళ్ళో పెళ్ళానికి ఇన్నేళ్ళుగా ఇస్తున్న మిస్డ్ కాలే, దానికి ఖర్చు లేదు, చదువక్కర్లేదు. ఒక్క రింగు వినబడితే చాలు, వెంకటి కోల్డ్ స్టోర్ అనే కిరాణా కొట్టు నీడలోంచి లేచి, చాయ్ కప్పు పారేసి స్టాపులోకి వచ్చేవాడు. బస్సూ వచ్చేది. ఆ ఏర్పాటు మొదలయ్యాక అతను ఒక్కరోజు కూడా లేటు కాలేదు. ఇలాంటి మొరటు పద్ధతులు మనలో ఇంకా ఉన్నందుకు పరశురాం గారు తర్వాత ఎంతో బాధపడ్డారు.

యాప్ రాసింది రాహీల్. మనామాలో మొబైల్ రిపేరు కొట్టులో పనిచేస్తాడు, మిగిలిన టైములో సొంతంగా సాఫ్ట్‌వేర్ రాసుకుంటాడు. కంపెనీ లేదు, భాగస్వామి లేడు, ల్యాప్‌టాప్‌కు రెండు మీటలు లేవు. సంఘం ప్రకటనల్లో అతన్ని 'మా ఐటీ విభాగం' అని రాస్తారు. అతను ఒకరోజు వెంకటి ఎదురుగానే పరశురాం గారికి సంగతంతా విప్పి చెప్పాడు.

"అన్నా, సర్కారు బస్సు యాడున్నదో మనకు తెల్వది. బస్సెక్కినోడు తన ఫోన్ల 'ఎక్కిన' అని బటన్ నొక్కాలె. దిగినంక 'దిగిన' అని నొక్కాలె. మధ్యల ఆ ఫోను యాడుంటె బస్సు ఆడున్నట్టు."

"నొక్కుడెందుకు?" అన్నారు పరశురాం గారు. "పొద్దంత కష్టపడొచ్చినోడు బటన్లు నొక్కాల్నా? గంత కఠినంగ ఉంటే జనం మనకు దూరమైతరు. నొక్కుడు తీసెయ్యి."

"తీసేస్తె ఎవరు బస్సుల ఉన్నరో, ఎవరు లేరో ఎట్ల తెలుస్తదన్నా?"

"అందర్నీ ఉన్నట్టే రాసుకో. మన సభ్యుడు యాడుంటె బస్సు ఆడున్నట్టు. మన సభ్యుల మీద మనకే నమ్మకం లేకపోతె ఎట్ల?"

రాహీల్ నోరు తెరిచాడు. ఆయన ఇంకో సవరణ కూడా చెప్పారు. చివర్లో ప్రయాణికుడు ఇచ్చే నక్షత్రాల్లో ఒకటి, రెండు, మూడు, నాలుగు ఎందుకని అడిగారు. "మనల్ని కొట్టుమని మనమే కట్టె చేతికిస్తమా? అయిదు ఉంచు, కడమయి తీసెయ్."

అలా బస్సన్న యాప్ తయారైంది. నలభై మంది సభ్యుల ఫోన్లలో ఎక్కించారు. వాళ్ళతోపాటు గౌరవ సభ్యుడిగా కుతుబుద్దీన్ ఫోనులో కూడా పెట్టారు.

ఫలితాలు వెంటనే కనబడ్డాయి. బహ్రెయిన్‌లో ఎన్నడూ బస్సు పోని సందుల్లోకి బస్సులు పోవడం మొదలైంది. ఒక బస్సు నువైద్రాత్ క్యాంపు మూడో అంతస్తులో రాత్రంతా పడుకుని పొద్దున్నే బాత్రూం దగ్గర వరుసలో నిలబడింది. ఇంకోటి వంటింట్లో చాలాసేపు ఆగింది, ఆ రోజు తలకాయ కూర. ఒక సభ్యుడు సెలవు మీద ఇంటికి పోతే మ్యాపులో ఒక బస్సు సముద్రం దాటి జగిత్యాలలో తేలింది.

రాహీల్ పరుగెత్తుకొచ్చి చూపించాడు. "అన్నా, బస్సు జగిత్యాలల ఉన్నది!"

పరశురాం గారు మ్యాపు వంక చాలాసేపు చూశారు. ఆయన కళ్ళు చెమర్చాయి. "మూడు ప్రభుత్వాలు మారినా గల్ఫ్ నుంచి మన జిల్లాకు డైరెక్టు సర్వీసు రాలేదు" అన్నారు. ఆ సాయంత్రమే ప్రకటన వెలువడింది.

వెంకటికి మాత్రం యాప్‌లో ఎప్పుడు వెతికినా దగ్గరి బస్సుగా ఒకటే కనబడేది. అది అతని మంచం మీదే ఉండేది. అయినా అతనికి దిగులు లేదు, భూమేష్ మిస్డ్ కాల్ ఉంది కదా. ఆ ముక్క ఎవరో పరశురాం గారి చెవిన వేశారు.

ఆయన భూమేష్‌ను పిలిపించారు. తిట్టలేదు. తిట్టడం ఆయన పద్ధతి కాదు, పదవి ఇస్తారు. "నిన్ను రియల్ టైం డేటా కన్వీనర్‌గ వేస్తున్న. ఇగ నువ్వు మిస్డ్ కాల్ ఇయ్యద్దు. కన్వీనరే మిస్డ్ కాల్ ఇస్తుంటె యాప్ ఇజ్జత్ ఏంగావాలె?"

భూమేష్‌కు మెడలో వేసుకునే కార్డు వచ్చింది. ఇరవై ఏళ్ళ గల్ఫ్ బతుకులో అతని ఫోటో కింద పేరుతోపాటు ఇంకో మాట రాయడం అదే మొదలు. వెంకటి దగ్గరికి వచ్చి తల దించుకున్నాడు.

"ఏమనుకోకు వెంకటీ. పదవిల ఉన్న."

"నా డ్యూటీ పోతదిరా!"

"యాప్ చూడు" అన్నాడు భూమేష్. ఆ మాట అంటున్నప్పుడే అతనికి నాయకత్వ లక్షణాలు వచ్చేశాయి.

ప్రారంభోత్సవం శుక్రవారం పెట్టారు. ముఖ్య అతిథి వీరలక్ష్మి గారు, గల్ఫ్ సంక్షేమ కార్పొరేషన్ చైర్‌పర్సన్. కార్పొరేషన్ ఇంకా ఏర్పడలేదు, చైర్‌పర్సన్ మాత్రం ఏర్పడ్డారు. ఆవిడ కార్యక్రమంలో బహ్రెయిన్ అంటే బంగారం బజారు ఒకటి, దారిలో ఉంది కనుక ఈ సభ ఒకటి. ఆవిడ చేతులు జోడించిన పోస్టర్లు అన్ని స్టాపుల్లోనూ అంటించారు. నువైద్రాత్ స్టాపులో ఖాళీ జాగా లేక టైముల కాగితం మీదే అంటించారు. ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ ఉన్న ఇబ్బంది అలా తొలగిపోయింది.

హాలు నింపడానికి, సెలవు మీద పోయినవాడు తప్ప సభ్యులందరినీ వ్యాన్లలో తెచ్చారు. వెంకటిని తొలి లబ్ధిదారుడిగా పరశురాం గారి కార్లోనే తీసుకొచ్చి వేదిక మీద కూర్చోబెట్టారు. అతను పరశురాం గారి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, సాయంత్రం డ్యూటీ ఉన్నది. టైముకు పోకపోతే సైటుకు తోలుతడన్నా. ఆ ఎండల నాతోని గాదు."

"ఫికర్ చెయ్యకు. నువ్వు తొలి లబ్ధిదారునివి. నిన్నిడిసి బస్సు యాడికి పోతది?"

వీరలక్ష్మి గారు మీట నొక్కారు. వెనక పెద్ద తెర మీద బహ్రెయిన్ మ్యాపు వెలిగింది. దేశమంతా ఖాళీ. రోడ్లన్నీ ఖాళీ. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో ఒక్కచోట మాత్రం బస్సులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి చీమలపుట్టలా ఉన్నాయి. ఆ చోటు ఈ హాలే. వేరుగా ఉన్నవి రెండు. ఒకటి జగిత్యాలలో ఉంది, ఒకటి మనామాలో వెంకటి పనిచేసే బిల్డింగు ముందు నిలబడి ఉంది.

రాహీల్ తన చెప్పుల వంక చూసుకున్నాడు. పరశురాం గారు మైకు అందుకున్నారు.

"అమ్మా! మీరొస్తున్నరని తెలిసి ఈ దేశంల ఉన్న బస్సులన్నీ మన సభకే వచ్చినయ్!"

చప్పట్లతో హాలు అదిరింది. వీరలక్ష్మి గారు మైకు లాక్కున్నారు. "మా దగ్గర సభకు బస్సులు గావాల్నంటె డిపో మేనేజర్లకు ఎన్ని ఫోన్లు చెయ్యాలె! సగం రావు, వచ్చినయి సగం దారిల ఆగుతయ్. పరాయి దేశంల నా కోసం బస్సులు వాటికవే వచ్చినయ్. ఈ జన్మకు ఇంకేం గావాలె?"

తర్వాత వెంకటిని రెండు మాటలు చెప్పమన్నారు. అతను మైకులో "డ్యూటీకి లేటైతున్నదమ్మా" అన్నాడు. పనిపట్ల మన కార్మికుడి అంకితభావం చూడండని పరశురాం గారు అనువదించారు. మళ్ళీ చప్పట్లు, శాలువా.

వెంకటి శాలువాతోనే బయటికి పరుగెత్తాడు. స్టాపు ఎదురుగానే ఉంది. వెనకే అందరూ వచ్చారు, పత్రికకు ఫోటో కావాలి కదా. తొలి లబ్ధిదారుడు ఒక చేత్తో యాప్ చూస్తూ, బస్సు మెట్టు మీద కాలు పెడుతున్నట్టు ఫోటో. కెమెరా అతను వెంకటిని స్తంభం పక్కన నిలబెట్టి ఒక కాలు ఎత్తమన్నాడు. పోస్టర్‌లో వీరలక్ష్మి గారు వెనక కనబడాలి, అసలు వీరలక్ష్మి గారు పక్కన కనబడాలి. వెంకటి ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాడు.

అప్పుడు బస్సు వచ్చింది. నిజం బస్సే. మనామా పోయేదే. వచ్చి ఆగి తలుపు తెరిచింది, లోపలి చల్లగాలి వెంకటి మొహానికి తగిలింది.

"అరె, బస్సు అడ్డమొస్తున్నది! పోస్టర్ కనబడ్తలేదు!" అని కెమెరా అతను అరిచాడు.

పరశురాం గారు ముందుకు దూకి రెండు చేతులూ ఊపారు. "యల్లా, యల్లా! పో భాయ్, పో! ఈడ యాప్ ప్రారంభోత్సవం నడుస్తున్నది!"

"అన్నా, నా బస్సన్నా!" అన్నాడు వెంకటి.

"కదలకు! కాలు దించకు!"

డ్రైవర్ శాలువా కప్పుకుని ఒంటికాలి మీద నిలబడ్డ మనిషిని ఒకసారి చూశాడు. తలుపు మూసి వెళ్ళిపోయాడు. ఫోటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ తర్వాత వీరలక్ష్మి గారిని పరశురాం గారు స్వయంగా తన కార్లో బంగారం బజారుకు తీసుకెళ్ళారు. భూమేష్ కార్డు సర్దుకుంటూ ముందు సీట్లో కూర్చున్నాడు, వెంకటి వంక చూడలేదు. కారులో చోటుందా అని అడిగేలోపే కారు కదిలింది. భూమేష్ ఫోనుతో సహా అది ముందు నుంచి దూసుకుపోతున్నప్పుడు వెంకటి చేతిలో ఫోను గణగణమని మోగింది. తెర మీద అక్షరాలు వచ్చాయి.

'మీ బస్సు వచ్చి వెళ్ళింది. ప్రయాణం ఎలా ఉంది?'

కింద అయిదు నక్షత్రాలు. అవి నొక్కితే తప్ప తెర కదలడం లేదు. ఇంతలో కుతుబుద్దీన్ ఫోన్ చేశాడు, ఎత్తాలంటే తెర ఖాళీ కావాలి. వెంకటి నొక్కాడు.

"కిదర్ హై రే వెంకటి?"

"భాయ్, బస్సు దొరకలే..."

"ఝూట్ మత్ బోల్. నా కండ్ల ముందర యాప్ ఉన్నది. పొద్దుగాల సంది బస్సు ఈడ్నే, బిల్డింగు ముందర నిలబడ్డది. నేను యాడ నిలబడితె ఆడికొచ్చి నిలబడుతున్నది బస్సు! నువ్వెందుకు రాలే?"

వెంకటికి ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ 'బస్సు రాలేదు భాయ్' అంటే ఒక మాటగా చెల్లేది, ఇప్పుడు అది కూడా లేదు.

"రేపటి సంది సైటు. ఖలాస్" అన్నాడు కుతుబుద్దీన్.

వారం తిరక్కుండా సంఘం తొలి ప్రగతి నివేదిక విడుదల చేసింది. యాప్‌కు ఇప్పటివరకు వచ్చిన నక్షత్రాలన్నీ అయిదేనని, ముందుగా ఇచ్చింది తొలి లబ్ధిదారుడేనని అందులో ఉంది. ఒంటికాలి ఫోటో కూడా వేశారు. వెంకటి ప్రస్తుతం బస్సు కోసం ఎదురుచూడడం లేదని పరశురాం గారు సగర్వంగా తెలియజేశారు. అది అక్షరాలా నిజం. సైటుకు కంపెనీ లారీ తెల్లారకముందే తీసుకుపోతుంది.

ఆ రోజే ఆయన ఆఫీసులో ఏసీ కింద కూర్చుని మ్యాపు చూస్తున్నారు. ఎడారి మధ్యలో, దరిదాపుల్లో రోడ్డే లేనిచోట, ఒక బస్సు ఎండలో అటూ ఇటూ మెల్లగా తిరుగుతోంది. కాసేపు ఆగుతోంది, మళ్ళీ తిరుగుతోంది.

పరశురాం గారు వెంటనే రాహీల్‌కు ఫోన్ చేసి, కొత్త రూటు ప్రకటించమన్నారు.