మా లాండ్రీ గదిలో కళ వెలసింది

నన్నడిగితే, వలస వచ్చినవాడికి దేవుడిచ్చిన వరం ఒక్కటే: ఆర్ట్ ప్రాజెక్టు! నవ్వకండి. ఎరిత్రియా నుంచి వచ్చి గోథెన్‌బర్గ్‌లో స్థిరపడిన నాలాంటివాడు, ఆ ప్రాజెక్టులే లేకపోతే, తానెక్కడి నుంచి వచ్చాడో ఏనాడో మరిచిపోయి హాయిగా బతికేసేవాడు. ఎంత ప్రమాదం!

ఇక్కడివాళ్లు మరిచిపోనిస్తారా? ఒకావిడ వచ్చి నా ప్రయాణాన్ని దుప్పటి మీద కుట్టమంది. నాకు చొక్కా గుండీ కుట్టుకోవడమే రాదు. అయినా సముద్రం కుట్టాను. నీలం దారం అయిపోయి సగం సముద్రం ఆకుపచ్చగా వచ్చింది. ఎంత లోతైన భావమో అన్నారు! ఇంకొకాయన మా అమ్మ వంట వాసనను సీసాలో పడతానన్నాడు. మరొకరు మట్టితో నా బాల్యాన్ని చెయ్యమన్నారు. చేస్తే మేక అనుకున్నారు. ఏమైతేనేం, కాఫీ ఫ్రీ, దాల్చినచెక్క బన్ను ఫ్రీ.

మొన్న వసంతంలో ఆ అదృష్టం మా బిల్డింగునే వెతుక్కుంటూ వచ్చింది. తూవా అనే కుర్ర కళాకారిణి మా బేస్‌మెంట్‌లోని లాండ్రీ గదిని చూసి మురిసిపోయింది. అందరి బట్టలూ ఒకే తీగ మీద వేలాడదీసి 'మనమంతా ఒకటే' అని ప్రదర్శన పెడుతుందట. అంతవరకూ అక్కడ బట్టలుతకడం బంద్! మేమంతా ఒకటై మాసిన చొక్కాలతో తిరిగాం.

"హబ్తోమ్ గారూ, ఆ బట్టల మధ్య వేలాడదీయడానికి 'ఇది నాది' అని మీకు గట్టిగా అనిపించే వస్తువొకటి తెచ్చివ్వండి" అంది తూవా.

నా చిన్న తాళం తెచ్చిచ్చాను. మా లాండ్రీ గది బోర్డు మీద ఎవరికి కావలసిన టైము దగ్గర వాళ్లు తమ ఫ్లాట్ నంబరున్న తాళం వేసుకోవాలి. శనివారం మధ్యాహ్నం దగ్గర నా తాళం పడిందంటే, ఈ దేశపు రాజుగారొచ్చినా సరే, ఆ టైము నాదే.

"అయ్యో, ఇది కాదండీ! మీ దేశం నుంచి తెచ్చుకున్నది కావాలి."

తప్పు నాదే. పాత సామాన్ల సంతకెళ్లి ఒక కాఫీ కూజా కొనుక్కొచ్చి మా అమ్మమ్మదన్నాను. తూవా కళ్లు చెమర్చాయి.

ప్రారంభోత్సవం శనివారం. సిటీ నుంచి పెద్దలు వైన్ గ్లాసులతో దిగారు. ఉపన్యాసం మంచి పాకంలో ఉండగా మూడో అంతస్తు గున్వోర్ బట్టల బుట్టతో ఊడిపడింది. నా తర్వాతి టైము ఆవిడది. డ్రయ్యర్ జాలీలో నూగు వదిలేస్తానని ఏళ్ల తరబడి నన్ను తిట్టే పెద్దావిడ. వారాలుగా చెల్లెలింట్లో ఉండి అప్పుడే వచ్చింది.

"ఇదేం సంత? ఇది నా టైము! తీయండి ఈ గుడ్డలు!" అంటూ తానే లాగి పారేయసాగింది.

జనం చప్పట్లు కొట్టారు. ప్రదర్శనలో భాగమనుకున్నారు పాపం.

గున్వోర్ నావైపు తిరిగింది. "ఏమయ్యా హబ్తోమ్, గుడ్లప్పగించి చూస్తున్నావే? వీళ్లకి చెప్పొద్దూ? నువ్వీ బిల్డింగు వాడివి కాదూ?"

ఇన్నేళ్లలో నన్ను ఇక్కడివాడిగా లెక్కేసి నిలదీసింది ఆవిడొక్కతే! గబగబా వెళ్లి నేనూ బట్టలు తీశాను, అమ్మమ్మ కూజాతో సహా.

"హబ్తోమ్ గారూ, ఆ క్షణంలో మీ దేశం గుర్తొచ్చిందా?" అని తూవా ఆత్రంగా అడిగింది.

కళాకారులారా, నేను కళకు వ్యతిరేకిని కాను. బన్ను ఉంటే వచ్చే ప్రాజెక్టుకూ వస్తాను. కానీ ఒక్కసారి, మీది ఏ దేశం అని కాకుండా, శనివారం టైము మాకిస్తారా అని అడిగి చూడండి.

చచ్చినా ఇవ్వను!