మీటరుకు రెండు సెంటీమీటర్లు

ఆ రోజుకు ఆమె పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, బొమ్మకు చివరి రంగు కొట్టడం. రెండు, పాప బడి ఫారంలో ఖాళీగా ఉన్న గడి నింపడం. మొదటిది గంట పని. రెండోది మూడు వారాలుగా తెమలడం లేదు.

గడిలో అడిగింది పెద్ద విషయమేమీ కాదు. తల్లిదండ్రులు దొరక్కపోతే ఎవరికి ఫోను చెయ్యాలి? పొరుగువారి పేరు, నంబరు, వారు ఎన్నాళ్లుగా తెలుసు. పాప నాన్న ఓడరేవులో క్రేను నడుపుతాడు. ఎక్కాడంటే దిగేదాకా ఫోను తియ్యడు, ఆరు వారాలకోసారి ఇంటికొస్తాడు. ఈ భవనంలోకి వచ్చి పద్నాలుగు నెలలైంది. పైవాళ్ల దగ్గు ఆమెకు తెలుసు. కిందివాళ్ల కుక్కరు ఎన్ని కూతలు కూస్తుందో తెలుసు. ఎదురింటి తలుపు గొలుసు చప్పుడు తెలుసు. పేర్లు మాత్రం ఒక్కటీ తెలియవు.

"రేపు ఫారం తేకపోతే పాపని గేటు దగ్గరే ఆపేస్తామండీ," అని టీచరు ఫోనులో నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వుకే ఆమెకు ఎక్కువ భయం వేసింది.

పాపను వ్యాను ఎక్కించి వచ్చి, గ్యాసు కట్టేసి ఉందో లేదో మూడుసార్లు చూసి, ముక్కుకు మాస్కు తగిలించుకుని, సులువైన పనికే ముందు కూర్చుంది.

బొమ్మ అంటే వాళ్లు ఉంటున్న భవనమే. అయిదు అంతస్తులనూ అట్టముక్కలతో, ప్లాస్టిక్ పలకలతో, మీటరుకు రెండు సెంటీమీటర్ల లెక్కన కట్టింది. ఆమె నాన్నకు బళ్లకు రంగు కొట్టే షెడ్డు ఉండేది. తొమ్మిదిలో బడి మానేశాక ఆమె చదువంతా ఆ షెడ్డులోనే సాగింది. ఆయన పోయాక పెన్నంత ఉండే స్ప్రే గన్ను, కుక్కపిల్లలా గుర్రుమనే చిన్న కంప్రెసరు ఆమె వాటాకు వచ్చాయి. రంగును పాలంత పలచగా కలిపి, ముందు పాత పేపరు మీద చిమ్మి చూసుకుని, జానెడు దూరం నుంచి ఊపిరి బిగబట్టి కొడితే, గోడ మీద వాన కారిన చార అచ్చం అలాగే దిగుతుంది. కొత్త రంగులో ఉంటే అది దుకాణంలో బొమ్మలాగే ఉంటుంది. తుప్పు, నాచు, పగుళ్లు పడితేనే అందులో మనుషులు ఉంటున్నారనిపిస్తుంది. అందుకని ఆమె ఎవరి బాల్కనీకీ మరకలు తక్కువ చెయ్యలేదు.

మనుషులనూ పెట్టింది. రోజూ వ్యాను కోసం రోడ్డవతల నిలబడి చూసినవాళ్లే అందరూ. పై అంతస్తులో మొక్కలకు నీళ్లు పోసే పెద్దాయన, కింద నోటీసు అంటిస్తున్న సెక్రటరీ, ఎదురు ఫ్లాటు కిటికీలో మిషను కుడుతున్న టైలరమ్మ, మొత్తం పదిహేడు మంది, ఒక్కొక్కరూ వేలి కణుపంత. రంగు కొడుతూ ఆమె వాళ్లతో కబుర్లు చెప్పేది. వాళ్లు విసుక్కోకుండా వినేవాళ్లు. తన బాల్కనీని మాత్రం తెల్లగా, కొత్తగా వదిలేసింది. చూసినవాళ్లు ఈ ఇంట్లో పనిమంతురాలు ఉందనుకోవాలని.

ఇంట్లో థిన్నరు వాసన నిండిపోవడంతో బొమ్మను మెట్ల మలుపులో గాలికి ఆరబెట్టి, తలుపేసుకుని, గన్ను కడగడానికి మళ్లీ కంప్రెసరు ఆన్ చేసింది.

భవనానికి సెక్రటరీ అయిన ఆయనను అందరూ నోటీసుల మాస్టారంటారు. నీళ్లు వచ్చినా నోటీసే, రాకపోయినా నోటీసే. భవనం బలం ఎంతో సర్వే చెయ్యమని ఆర్నెల్ల కిందట అర్జీ పెట్టి, ఎదురుచూసి చూసి విసిగిపోయి ఉన్నాడు. మెట్లెక్కుతూ బొమ్మను చూసి ఆగిపోయాడు. పగుళ్లతో సహా తన భవనం. ఈ భవనంలో ఇంత పనితనం ఉన్నవాళ్లెవరూ లేరని ఆయనకు గట్టి నమ్మకం. కాబట్టి ఇది సర్వేవాళ్లు పెట్టి వెళ్లిన నమూనాయే అనుకున్నాడు. దాన్ని జాగ్రత్తగా కిందికి దించి, వెంటనే ఇంజనీరు ఆఫీసుకు ఫోను కొట్టాడు.

"సార్ ఇవాళ మీ వైపే వస్తున్నారండీ," అంది అవతలి అమ్మాయి.

"ఇవాళే వస్తున్నారట!" అని మాస్టారు రెండో అంతస్తులో చెప్పాడు. మూడో అంతస్తుకు చేరేసరికి అది "ఇవాళే ఖాళీ చెయ్యాలట" అయింది. నాలుగో అంతస్తులో ఒకావిడ గోడకు చెవి ఆనించింది. లోపల్నుంచి సన్నగా గుర్రుమంటోంది.

"అయ్యో, వినండి! గోడ మూలుగుతోంది!"

ఆ తరవాత ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

పన్నెండున్నరకు పాప వ్యాను కోసం ఆమె కిందికి దిగింది. ఆవరణంతా జనం. పెట్టెలు, ఫ్యాన్లు, పరుపులు, పూలకుండీలు. ఆమెకు తట్టింది ఒక్కటే. గ్యాసే! ఒక్క పరుగున పైకెళ్లి నాలుగోసారి చూసి, కట్టే ఉందని తేల్చుకుని, చేతికందిన ఫారంతో దిగివచ్చింది.

"కూలే ఇంట్లోకి పరిగెత్తి కాగితాలు తెచ్చుకుంది చూడు, గుండె ధైర్యమంటే అదీ," అన్నారెవరో. ఇంకెవరో ఆమెకు స్టూలు వేశారు. పద్నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె భుజం మీద ఒక చెయ్యి పడింది.

అప్పుడు చూసింది, నోటీసు బోర్డు కింద బల్ల మీద తన బొమ్మను.

"అండీ... అది..."

"మీరుండండమ్మా. ఇది ఇంజనీర్లు చూసుకోవాల్సిన సంగతి," అన్నాడు మాస్టారు.

ఆమె ఊరుకుంది. చెప్పేస్తే అందరూ ఎవరి తలుపులు వాళ్లు వేసుకుంటారు. అయిదు నిమిషాలాగి చెబుదామనుకుంది. పక్కనున్నావిడ నంబరు ఒక్కటి అడిగి, ఆ తరవాత చెబుదామనుకుంది. పెన్ను మూత తీసింది కూడా.

ఈలోగా వ్యాను వచ్చింది. పాప దిగి, బల్ల దగ్గరికి సరాసరి నడిచివెళ్లి, నోటీసుల మాస్టారిని కిందినుంచి పైకి చూసింది.

"ఈ తాతకి తల ఊడిపోతే మా అమ్మే అతికించింది."

అందరూ బొమ్మలోకి తొంగి చూశారు.

"ఏంటీ, నా పొట్ట ఇంతుందా?"

"మా గోడకి ఈ మరకలేంటమ్మా? మేం మొన్ననే సున్నం వేయించాం!"

"మరి పగుళ్లెందుకు పెట్టావు?" అన్నాడు మాస్టారు. ఆయన గొంతు నోటీసంత గట్టిగా ఉంది.

"అందం కోసమండీ."

"పగుళ్లు అందమా!"

"మనుషులున్నట్టుంటుందని..." అంది ఆమె. ఆ మాట బయటికి వచ్చేసరికి పరుపులు పైకి వెళ్లడం మొదలైంది. మెట్ల వైపు ఆమెను ఒరుసుకుంటూ వెళ్తున్నవాళ్లు ఆమెవైపు చూడనేలేదు. ఒక్కొక్క తలుపూ మూసుకున్న చప్పుడును ఆమె కింద నిలబడే లెక్కపెట్టింది. ఫారంలో గడి అలాగే ఉంది. ఎవరో స్టూలు కూడా తీసుకుపోయారు. ఆమె బొమ్మను ఎత్తుకుని పాపతో పైకెళ్లి, మళ్లీ మెట్ల మలుపులోనే పెట్టింది.

మూడున్నరకు ఇంజనీరు వచ్చాడు. వచ్చినవాణ్ని ఊరికే పంపడమెందుకని మాస్టారు భవనమంతా తిప్పాడు. బాల్కనీలన్నిటినీ సుత్తితో తట్టి చూసి, ఇంజనీరు మూడో అంతస్తులో ఆమె బాల్కనీ దగ్గరే ఆగిపోయాడు. ఆరేసిన దుప్పట్ల వెనక, చెయ్యి పట్టేంత చీలిక.

"మిగతా భవనం నిక్షేపంగా ఉంది. ఇదొక్కటే ప్రమాదం. నాలుగు రోజులు ఈ ఇంట్లో ఎవరూ ఉండటానికి వీల్లేదు."

తలుపుల్లోంచి మళ్లీ తలలు బయటికి వచ్చాయి. అందరూ బొమ్మవైపు చూశారు. భవనం మొత్తంలో ఆమె పగులు పెట్టని చోటు అదొక్కటే. ఎవరూ నవ్వలేదు. మాస్టారు సైతం నోటీసుకు మాటలు వెతుక్కుంటున్నాడు. ఆమె పాప చెయ్యి పట్టుకుని నిలబడింది. నాలుగు రోజులు ఎక్కడికెళ్లాలో ఆమెకు తోచలేదు.

ఎదురింటి తలుపు గొలుసు చప్పుడైంది. ఈసారి తలుపు పూర్తిగా తెరుచుకుంది. టైలరమ్మ మెడలో కొలత టేపుతో బయటికొచ్చి, బొమ్మలో తన కిటికీని వేలితో చూపించింది.

"ఏమ్మాయ్, నా మిషనుకి నీలం రంగేశావేంటి? నాది నల్లది."

"కిటికీలోంచి నీలంగా కనబడిందండీ."

"లోపలికొచ్చి చూస్తే కదా తెలిసేది. పాప బట్టలు తెచ్చుకో. కత్తెర్లన్నీ పైకెత్తి పెడతాలే, భయపడకు."

అప్పుడు టైలరమ్మ ఇంట్లో గోడ గడియారం నాలుగున్నర కొట్టింది.

మర్నాడు ఆమె గేటు దగ్గర టీచరుకు ఫారం ఇచ్చింది. పొరుగువారి పేరు ఉంది, నంబరూ ఉంది. ఎన్నాళ్లుగా తెలుసు అన్నచోట ఆమె ఉన్నదే రాసింది: నిన్న సాయంత్రం నాలుగున్నర నుంచి.